ఉన్మత్తునికి సంఘంలో చోటు: వినయ పిటకం నుండి కలకత్తా వరకు

కలకత్తా నగరానికి నైరుతి దిక్కున, ఖిద్దర్‌పూర్ రేవును ఆనుకొని వాట్‌గంజ్ ఉన్నది. 18వ శతాబ్దం చివరి భాగంలో ఇచ్చట ఓడల నిర్మాణశాలను నెలకొల్పిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఈ ప్రాంతానికి నిలిచింది. 1892లో ఖిద్దర్‌పూర్ రేవు తెరచిన పిమ్మట దూరప్రాంతాల కూలీలకు, నావికులకు ఇది నెలవైనది. రేవు మనిషిని బరువు మోసే చేతులుగా లెక్కిస్తుంది. ఆ మనిషికి మతి చలించినప్పుడు, ఊరికీ ఇంటికీ దూరమైన అతడు ఎవరికి చెందినవాడు?

ఈ ప్రశ్న బౌద్ధ సంఘానికి కొత్తది కాదు. వినయ పిటకంలో గగ్గుడనే భిక్షువు వృత్తాంతం ఉన్నది. ఉన్మాదం వలన అతడు ఒకప్పుడు ఉపోసథాన్ని జ్ఞాపకముంచుకొనేవాడు, ఒకప్పుడు మరచేవాడు. సంఘం అతనిని వెలివేయలేదు. అతనికి ఉన్మత్త సమ్మతిని ఇచ్చి, అతడు వచ్చినా రాకున్నా ఉపోసథం జరుపుకొనడానికి బుద్ధుడు అనుమతించాడు. గగ్గుడు కోలుకొన్న తరువాత, ఉన్మాదంలో చేసిన పనులను ఎత్తిచూపుతూ తోటి భిక్షువులు అతనిని నిలదీశారు. అప్పుడు ఏర్పడినదే అమూఢ వినయం. దానిని సంఘం తనంతట ఇవ్వదు. కోలుకొన్నవాడే ముమ్మారు అర్థించాలి. అనగా కరుణ అతని మాటను తీసివేయలేదు, అతని నోటనే పలికించింది.

ఆంధ్రదేశపు భట్టిప్రోలు స్తూపంలో లభించిన ధాతువు 1920లో కలకత్తా కాలేజ్ స్క్వేర్ సమీపాన ధర్మరాజిక చైత్య విహారంలో ప్రతిష్ఠితమైనది. అదే నగరంలో 1922లో వైద్యుడు గిరీంద్రశేఖర్ బోస్ భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. ప్రతి కోరికకూ దాని విరుద్ధ కోరిక ఒకటి మనస్సులో దాగి ఉంటుందని ఆయన సిద్ధాంతం. రోగిని ఎదుటివాని స్థానంలో నిలిపి ఆ అణగిన కోరికను వెలికితీయడం ఆయన చికిత్సా విధానంలో ముఖ్యాంశం. శాంతిదేవుని పరాత్మ పరివర్తనం దీనికి మూలమని చెప్పలేము. రెండింటి లక్ష్యాలూ వేరు. అయినను, తన స్థానాన్ని విడిచి ఇతరుని స్థానం నుండి చూడడమనే అభ్యాసం రెండింటిలోనూ కనిపిస్తుంది. 1940లో ఆ సంఘం నెలకొల్పిన మానసిక వైద్యశాలకు బుద్ధుని జన్మస్థలం పేరిట లుంబినీ పార్క్ అని నామకరణం జరిగింది. అందుకు నివాసాన్ని ఇచ్చినవాడు ఆయన అన్న, రచయిత రాజశేఖర్ బోస్.

విశుద్ధిమగ్గంలో బుద్ధఘోషుడు కరుణకు దూరశత్రువు హింస అనీ, సమీపశత్రువు లౌకిక శోకం అనీ వివరించాడు. నేటి ప్రజాజీవితంలో దూరశత్రువును గుర్తించడం సులభం. కాలిబాటపై మతి చెదిరినవానిని కొట్టినవానిని అందరూ నిందిస్తారు. అతనిని చూచి కన్నీరు పెట్టి, ఫోటో తీసి పంచి, పిదప కంటికి కనబడని చోటికి తరలించమని కోరే శోకం మాత్రం కరుణగా చెలామణి అవుతుంది. అందులో అతని పేరు, ఊరు, ఇష్టం ఎవరూ అడుగరు.

దీనికి భిన్నమైన మార్గం కూడా ఈ నగరంలోనే కనిపిస్తుంది. 2007లో ఏర్పడిన ఈశ్వర సంకల్ప సంస్థ నిరాశ్రయులైన మానసిక రోగులకు వారున్న వీధిలోనే వైద్యం అందించే పద్ధతి చేపట్టింది. టీ కొట్టువాడు, దుకాణదారు వంటి ఇరుగుపొరుగువారే మందు అందించి, మంచిచెడ్డలు కనిపెట్టుకొంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైతం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించి, సమాజంలో జీవించే హక్కునూ, తన చికిత్సను గూర్చి ముందుగా ఆదేశం వ్రాసి ఉంచుకొనే హక్కునూ గుర్తించింది.

అనాత్మవాదం వ్యక్తిని చెరిపివేస్తుందనే ఆక్షేపణకు గగ్గుని కథే సమాధానం. శాశ్వతమైన ఆత్మను నిరాకరించిన ధర్మమే, మతి తప్పిన ఒక భిక్షువు పేరును తన శాసన గ్రంథంలో భద్రపరచినది. వ్యవహారంలో వ్యక్తి ఉన్నాడు. దుఃఖం అనుభవించేది అతడే, అమూఢ వినయాన్ని అర్థించేదీ అతడే. వాట్‌గంజ్ వంటి రేవు వీధిలో కరుణ మొదటి పని మనిషిని అక్కడినుండి తొలగించడం కాదు, అతని పేరు అడిగి తెలుసుకొనడం.