కోలారు బంగారు గనుల ఇండ్లు

మైసూరు సీమకు తూర్పు చివర, చిత్తూరు జిల్లా సరిహద్దునకు చేరువగా, బాలఘాటు, నందిదుర్గము, ఊరిగాము, చాంపియన్ రీఫు, మైసూరు గని అను పేర్లతో వెలసిన గనులను అల్లుకొని పెరిగినది మా ఊరు. 1802లో సరిహద్దుల సర్వేకై వచ్చిన జాన్ వారెన్ ఇచ్చటి పల్లెవాండ్రు మట్టి కడిగి బంగారము తీయుట చూచి వ్రాసిన వృత్తాంతము, డెబ్బది యేండ్ల పిమ్మట లావెల్ అను విశ్రాంత సైనికుని కంటబడుటయు, 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ప్రవేశించుటయు, 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చుటయు చరిత్రకారులు పలుమారులు వర్ణించియున్నారు. వారు త్రోవలో ఒక్క మాటతో దాటిపోయిన ఇండ్ల చరిత్రను ఇచ్చట కొంత వివరించెదను.

ఎత్తైన తావులు చూచి దొరలకు బంగళాలు కట్టిరి. వానికి విశాలమైన వసారాలును, శీతకాలమునకు నిప్పుగూళ్లును, చుట్టును తోటలును అమరెను. ఉత్తరార్కాటు, సేలం సీమలనుండి వచ్చిన తమిళులకును, నేటి చిత్తూరు ప్రాంతమునుండి వచ్చిన తెలుగువారికిని వెదురు తడికలకు మట్టి మెత్తిన గుడిసెలు ‘లైన్లు’ అను వరుసలుగా వెలసెను. తరువాతి కాలమున ఇటుకగోడలు వచ్చినను, ఒక్కొక్క సంసారమునకు ఒక్క గది యను కొలత చాలకాలము మారలేదు. వంటయు, పడకయు, పురుడును, మరణమును ఆ గదిలోనే జరిగినవి. చాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినపుడు, అడుగున బండ పేలినచో పైనున్న ఇండ్ల గోడలును కంపించెడివి. ఆ కంపము తెలిసినంతనే, ఏ ఇంటి మగవాడు ఏ షిఫ్టునకు దిగెనో తలచుకొని స్త్రీలు షాఫ్టువైపు పరుగెత్తెడివారు.

1956లో మైసూరు ప్రభుత్వమును, పిదప కేంద్రప్రభుత్వమును ఈ గనులను స్వీకరింపగా, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడెను. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడెను. ఊరు ఖాళీయగునని పలువురు తలచిరి. కాని జనులు కదలలేదు. నేటికిని వేలమంది తెల్లవారకముందే మారికుప్పమునుండి బయలుదేరు రైలెక్కి, బెంగళూరులో పని చేసి, రాత్రికి ఈ లైన్లకే తిరిగివచ్చుచున్నారు. తమ గదులకు ఒకరు ముందు రేకులపంచ దించిరి, ఒకరు వెనుక స్నానపుగది కట్టిరి, ఒకరు ప్రక్కగదితో కలిపి నడుమ వాకిలి తెరచిరి. కంపెనీ కూలివానికి తల దాచుకొనుటకై ఇచ్చిన కొట్టు, ఏ శిల్పి పటమును లేకయే, ఆ కూలివాని మనుమల చేతులమీదుగా గృహమైనది. ఇటు బంగళాలలో మనుష్యులు నిలిచినవి నిలిచినవి. విడువబడినవానికి తలుపులు పోయి, కప్పు కూలి, గోడలలో రావిమొక్కలు మొలచినవి.

మా గనులకు నిపుణులను పంపిన ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమయందును, గనులు మూతపడిన పిదప వాని కట్టడములను ఏమి చేయవలెనను ప్రశ్న పుట్టెను. అచ్చట నీరు తోడు ఆవిరియంత్రములకై కట్టిన రాతి యంత్రశాలలలో, యంత్రదండము భారము మోయు గోడ తక్కిన గోడలకంటె మిక్కిలి దళసరి; గనులు మూతపడినను అవి నిలిచియుండుటకు ఆ దార్ఢ్యమొక కారణము. వానిలో కొన్ని నివాసములైనవి. డేన్స్‌కోంబ్ గని యంత్రశాలను లాండ్‌మార్క్ ట్రస్టువారు బాగుచేసి బసయోగ్యముగా మార్చిరి. 2006లో ఆ సీమ గనుల ప్రాంతము ప్రపంచ వారసత్వస్థలముగా పరిగణింపబడెను.

అయినను గనికట్టడము లన్నియు ఇండ్లు కాదగినవి కావు. సైనైడుతో బంగారమును వేరుచేసిన మిల్లుల నేలను పరీక్షింపకయే అచ్చట పిల్లలను పెంచరాదు. గాలికాలమున, ఆ మిల్లుల వ్యర్థముతో పేరుకొనిన సైనైడు దిబ్బల దుమ్ము వీధులను క్రమ్ముచుండగా, ఆ దిబ్బలను పచ్చికతోను చెట్లతోను కప్పకయే క్రింద ఎన్ని ఇండ్లు బాగుచేసినను ఫలము స్వల్పము. పాత షాఫ్టుల చెంత, అడుగు గుల్లయైన చోట, కొత్త బరువు మోపుట ప్రమాదము. సున్నముతో కట్టిన గోడకు సిమెంటు పూసినచో లోని తేమ వెలికి పోలేక గోడయే చెడును గనుక, మరమ్మతు సున్నముతోనే జరుగవలెను.

వారసత్వ రక్షణయనగా బంగళాలకు రంగువేసి యాత్రికులకు చూపుటయే యని భావించువారు కలరు. బంగళాలును నిలువవలసినవే, కాని లైన్లలో నివసించు కుటుంబములు తమ గోడలను తామే ఇంతకాలము కాపాడుకొనిరి. ఇల్లు తనదో కాదో తెలియనివాడు పైకప్పుమీద పెట్టుబడి పెట్టుటకు జంకును. హక్కుపత్రము చేతనున్నవాడు మరుసటి వానకాలమునకు ముందే పెంకు మార్చును. కాబట్టి నివాసయోగ్యమని తేలిన ప్రతి లైనునందును కాపురమున్నవారికి మొదట స్థిరమైన హక్కు నిచ్చి, పిదప వరుసల ముఖరూపమును, నడుమనున్న ఉమ్మడి వాకిళ్లను చెరుపకుండ మరమ్మతు చేయుటకు ధనసహాయమును, పనితెలిసిన మేస్త్రీలను సమకూర్చవలెను. ఈ నేలనుండి సుమారు ఎనిమిదివందల టన్నుల బంగారమును వెలికితీసిన వంశములకు, తమ తాతలు బ్రతికిన గదులపై హక్కు కల్పించుట దానము కాదు, ఋణవిమోచనము.