చిందుల ఎల్లమ్మకు పద్మశ్రీ ఎందుకు రాలేదు?

2022 జనవరిలో నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ ప్రకటించారు. పన్నెండు మెట్ల కిన్నెర భుజానికెత్తుకొని పండుగ సాయన్న కథ పాడే డక్కలి కళాకారుడు ఆయన. ఆ వారమంతా గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ఏ హోటల్ కాడ నలుగురు కూడినా అదే ముచ్చట. మేం కూర్చున్న చోట మాత్రం మాట ఇంకో దిక్కు మళ్లింది. "కిన్నెరకొచ్చింది, సంతోషమే. ఆటకెప్పుడొస్తది?" అని ఒక పెద్దమనిషి అడిగిండు. ఆట అంటే మావైపు చిందాట. "ఎల్లమ్మకు రాంది ఇగ ఎవరికొస్తది" అని పక్కాయన అన్నడు. అక్కడ మొదలైన వాదన మాలో ఇప్పటికీ తెగలేదు. ఈ వ్యాసం ఆ వాదన నుంచి పుట్టిందే.

చిందుల ఎల్లమ్మది పాలమూరు కాదు. నిజామాబాద్ జిల్లా బోధన్ పక్కన అమ్దాపూర్. నిజాం కాలం నుంచి 2005లో కన్నుమూసే దాకా చిందు యక్షగానమే ఆమె బతుకు. కానీ చిందు ఆడే ఏ ఇంటికి పోయినా, అది ఏ జిల్లా అయినా, ఆమె పేరు చెబితే గుర్తుపడతారు. చిందును ఊరి పొలిమేర దాటించి పట్నం వేదికల మీద నిలబెట్టిన ఆడమనిషిగా ఆమెకు పేరుంది. బతుకు చివరి దశలో రాష్ట్ర ప్రభుత్వం హంస పురస్కారం ఇచ్చింది. పద్మశ్రీ రాలేదు.

వాదనలో మూడు పక్షాలు తేలినయి. ఆమె మరో ఇరవై ఏండ్లు బతికుంటే తప్పక వచ్చేదని ఒక పక్షం. హంస వచ్చింది కదా, ఇంకేం కావాలని రెండోది. దొరల సర్కారు ఇచ్చే బిళ్ల మనకెందుకని మూడోది. మాలో కొందరు మొదటి పక్షంలో మొదలై మూడో పక్షానికి పోయి మళ్లీ వెనక్కి వచ్చిండ్రు. మేం ఎక్కడ నిలబడినమో చెప్పే ముందు కొంత చరిత్ర చూడాలె.

సన్మానం అనేది మా ప్రాంతానికి కొత్త కాదు. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరే ఉంది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు పండితులను పిలిచి, అవధానాలు చేయించి, వార్షికాలు ఇచ్చి పంపేవి. తిరుపతి వెంకట కవులు గోదావరి దిక్కు నుంచి ఇంత దూరం వచ్చింది ఆ సన్మానాల కోసమే. అదే గద్వాల సీమలో మాదిగవాడల్లో చిందోళ్లు తెల్లవార్లూ ఆడేది. మద్దెల, తాళాలు, తర్వాతి రోజుల్లో హార్మోనియం. దరువు, అడుగు, పద్యం, మాట అన్నీ కలిసిన ఆట అది. సారంగధర, అల్లీరాణి, జాంబపురాణం. వాళ్లకు వార్షికం ఇచ్చే సంస్థానం ఏదంటే మాదిగవాడే. ఊళ్లు పంచుకొని మిరాశిగా అనుభవించే హక్కు, ఆట అయినంక గింజలు, పాత బట్టలు. ఇచ్చేది తామే తినీ తినక బతికేవాళ్లు. చిందోళ్లు వాళ్లకంటే కింద. కులంలోపలి ఈ మెట్ల గురించి మాట్లాడకుండా చిందు చరిత్ర రాయడం కుదరదు. రాసిన మేం కూడా ఆ మెట్లలో ఒకదాని మీద కూర్చున్నవాళ్లమే.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో మా ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. 354 మంది కవులను లెక్కగట్టి చూపించిండు. అది గొప్ప పని. లెక్కకు లెక్కతోనే జవాబు చెప్పాలని ఆయన మనకు నేర్పిండు. కాకపోతే అది కలం పట్టినోళ్ల లెక్క. గజ్జె కట్టినోళ్ల లెక్క రాయడానికి ఏ సంచికా రాలేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలె. ప్రతాపరెడ్డి 1953లో చనిపోయిండు. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పుస్తకం మిగులుతుంది కాబట్టి మనిషి పోయినా బహుమతి దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆటకు ఆ భాగ్యం లేదు. తెల్లారి పరదా విప్పి మూట కట్టినంక మిగిలేది చూసినవాళ్ల కండ్లలోనే. పద్మ పురస్కారాలను మామూలుగా చనిపోయినవాళ్లకు ఇవ్వరు. ఇటీవలే పోయినవాళ్లకు, అదీ అరుదుగా. అంటే 2005 తర్వాత ఎల్లమ్మ గురించి ఎవరు ఎంత మొత్తుకున్నా తలుపు మూసుకున్నట్టే.

మరి తలుపు తెరిచి ఉన్న రోజుల్లో ఎవరు లోపలికి పోయిండ్రు? పద్మ పురస్కారాలు 1954లో మొదలైనయి. తెలుగు పాట నాటకం నుంచి తొలినాళ్లలోనే గౌరవం పొందినవాడు స్థానం నరసింహారావు, 1956లో పద్మశ్రీ. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మకు 1961లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ. ఇద్దరూ ఆడవేషాలకు పేరు మోసిన మగవాళ్లు. వాళ్ల విద్యను మేం తక్కువ చేయడం లేదు, సత్యభామ వేషంలో వాళ్లను చూసినవాళ్లు చెప్పింది విన్నం. కానీ కూచిపూడి మేళంలో ఆడవాళ్లకు చోటు లేనప్పుడు, కళావంతుల ఆడవాళ్లను చట్టాలూ సంస్కరణలూ కలిసి వేదిక మీదినుంచి దింపినప్పుడు, ఖాళీ అయిన ఆ జాగలో మగవాడు చీర కట్టుకొని నిలబడ్డడు. దానికి రాజ్యం చప్పట్లు కొట్టింది. అదే కాలంలో మాదిగవాడ నడుమ చిందు ఆడది తన చీరెతో, తన గొంతుతో, పొద్దంతా ఎత్తుకున్న బిడ్డను పరదా వెనక పండబెట్టి ఆడుతున్నది. ఆమెను చూడడానికి ఏ కమిటీ మెంబరూ ఆ వాడకు రాలేదు.

ఎల్లమ్మ వేదిక జీవితాన్ని పద్మ పురస్కారాల కాలంతో పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో చిత్రం కనబడుతుంది. 1978, 1979 ఏండ్లలో పద్మ పురస్కారాలు ఇవ్వలేదు. 1993 నుంచి 1997 దాకా మళ్లీ ఇవ్వలేదు. దళిత ఉద్యమం పల్లె పల్లెకూ పాకి, జానపద కళల మీద యూనివర్సిటీల కన్ను పడి, దళిత పాట, దళిత చరిత్ర అని మనం మాట్లాడడం మొదలుపెట్టిన ఏండ్లే అవి. ఆమె గురించి అడిగే గొంతులు మెల్లమెల్లగా తయారవుతున్నప్పుడు ఇచ్చేవాడి చేయి కట్టేసి ఉంది. చేయి విప్పిన తర్వాత ఆమెకు మిగిలింది ఏడెనిమిదేండ్లు. ఇది కుట్ర అని మేం అనడం లేదు. అదృష్టం అనే మాట మాత్రం వాడదలచుకోలేదు. ముందు వరుసలో ఉన్నవాడికి ఐదేండ్లు పోతే ఏం కాదు, ఆరో ఏడు తీసుకుంటడు. వరుస చివర ఉన్నవాళ్లకే ఆ ఐదేండ్లు బతుకంత పెద్దవి.

రాష్ట్రంలో పరిస్థితి వేరేగా లేదు. 1998లో నంది నాటకోత్సవాలు వచ్చినయి. పద్య నాటకం, సాంఘిక నాటకం, నాటిక అని విభాగాలు. ఉత్తమ నటికి బహుమతి ఉంది. తెర, గంట, మైకు, కాలపరిమితి ఉన్న నాటకానికి తయారైన పోటీ అది. రాత్రి పది గంటలకు పూర్వరంగం మొదలై కోడి కూసే దాకా నడిచే చిందును ఏ విభాగంలో కూర్చోబెడతారు? అందుకే చిందు కళాకారిణి "నటి" కాలేదు. జానపద కళాకారిణి అయింది. ఆ మాటతో ఆమె నటనను లెక్కలోంచి తీసేసి ఆచారంలో కలిపిండ్రు.

ఇప్పుడు మొదటి పక్షం మాట చూద్దాం. బతికుంటే వచ్చేదా? 2021లో గుస్సాడీ కనకరాజు, 2022లో కోయ డోలి సకిని రామచంద్రయ్య, మొగులయ్య, 2024లో దామరగిద్ద బుర్రవీణ దాసరి కొండప్ప, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య. తెలంగాణ జానపద కళలకు వరుసగా వచ్చిన ఈ పద్మశ్రీలు చూసి మేమూ సంబురపడ్డం. సమ్మయ్యది జనగామ దిక్కు. ఆయనకొచ్చిన నాడు చిందు ఇండ్లల్లో పండుగ. కానీ ఈ ఐదుగురూ మగవాళ్లే. చిందులో ఆడవాళ్లు లేకుండా ఆట లేదు. మేళం అంటే కుటుంబం. తల్లి, కోడలు, బిడ్డ వేషం కట్టకపోతే తెర లేవదు. అవార్డు మాత్రం మేళాన్ని ఒక్క పేరు చేసి ఇమ్మంటది. ఆ పేరు ఇంటి పెద్దది అవుతుంది. ఎల్లమ్మ ఆ అలవాటును దాటి తన పేరుతోనే తెలిసింది కనుకే మేం ఆమెను పట్టుకొని అడుగుతున్నం.

సమ్మయ్య గురించి చెప్పిన ప్రభుత్వం 19,000కు పైగా ప్రదర్శనలని లెక్క ఇచ్చింది. మొగులయ్య గొంతు పద్మశ్రీకి కొన్ని నెలల ముందే, 2021లో, భీమ్లా నాయక్ సినిమా పాటతో ఇంటింటికీ పోయింది. ఒకరి వెనక లెక్క, ఒకరి వెనక సినిమా. ఛత్తీస్‌గఢ్ పండవానీ గాయని తీజన్ బాయి వెనక హబీబ్ తన్వీర్ వంటి నాటక ప్రయోక్త నిలబడ్డడు. ఆమెకు పద్మశ్రీ 1980ల చివర్లోనే వచ్చింది, 2019కి పద్మవిభూషణ్ దాకా పోయింది. తీజన్ బాయి గొప్పది కాబట్టే వచ్చింది, అందులో అనుమానం లేదు. గొప్పది అయినంత మాత్రాన వస్తుందా అన్నదే మా ప్రశ్న. పద్మ నామినేషన్ ఫారంలో మనిషి చేసిన పనిని 800 మాటల్లో రాయాలె. 2016 నుంచి ఎవరైనా ఆన్‌లైన్‌లో పంపవచ్చు. ఎల్లమ్మ కాలంలో ఆ సిఫారసులు ఎక్కువగా సర్కారు ఆఫీసుల గుండా, పలుకుబడి ఉన్నవాళ్ల ఉత్తరాల గుండా పోయేవి. ఆ 800 మాటలు రాయగలిగినవాళ్లు అప్పుడు మన ఇండ్లల్లో ఎంతమంది? మా అందరి ఇండ్లల్లోనూ యూనివర్సిటీ గడప తొక్కింది మేమే మొదలు. మేం రాయడం నేర్చుకునేటప్పటికి ఆమె లేదు. ఈ ఒక్క మాట మాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

రెండో పక్షానికి జవాబు పొడుగు అక్కర లేదు. హంస ఇచ్చింది నిజం. రాష్ట్రం ఇచ్చింది కాబట్టి దేశం ఇవ్వనక్కర లేదనే లెక్క స్థానం నరసింహారావుకు వర్తించలేదు.

మూడో పక్షం మాట బరువైనది. మహారాష్ట్ర తమాషా నటి విఠాబాయి భావు మాంగ్ నారాయణ్‌గావ్‌కర్ సంగతి అందరం ఎరిగినదే. మాంగ్ కులపు ఆడమనిషి. ఆట నడుమ నొప్పులొస్తే తెర వెనక్కి పోయి బిడ్డను కని మళ్లీ వేదిక ఎక్కిందని చెప్తరు. 1957లో, 1990లో రాష్ట్రపతి చేతుల మీదుగా గౌరవం అందుకుంది. 2002లో పేదరికంలోనే పోయింది. ఆ తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం ఆమె పేరుతోనే తమాషా కళాకారులకు అవార్డు పెట్టింది. మొగులయ్య పద్మశ్రీ తర్వాత కూడా కూలి పనికి పోతున్నడని 2024లో పత్రికల్లో ఫొటోలతో సహా వచ్చింది. బిళ్ల అన్నం పెట్టదు, ఒప్పుకుంటం. దానికి తోడు మా ప్రాంతపు గాయం ఒకటుంది. గద్వాల నుంచి నారాయణపేట దాకా ఎల్లమ్మ పేరు చెప్పి మాదిగ ఆడపిల్లలను జోగినులను చేసిండ్రు. 1988లో చట్టం వచ్చినా ఆ మచ్చ అంత తొందరగా పోలేదు. ఆడే ఆడది అందరి సొత్తు అనే చూపు ఈ నేల మీద ఎంత గట్టిదో మాకు తెలుసు. కళను పొగిడితే ఆ చూపును కూడా పొగిడినట్టు అవుతుందేమోనని మాలో ఒక చెల్లె భయపడ్డది. ఆ భయాన్ని మేం కొట్టిపారేయలేదు.

అయినా మేం అడుగుతూనే ఉంటం. కర్ణాటకలో 2021లో జోగతి నృత్యం చేసే మంజమ్మ జోగతికి పద్మశ్రీ వచ్చింది. 2025లో కొప్పళ జిల్లా తోలుబొమ్మలాట భీమవ్వకు, తొంభై ఆరేండ్ల వయసులో. మా దిక్కు నుంచి కొప్పళ ఎంత దూరం? అక్కడివాళ్లు అడిగిండ్రు, రాసిండ్రు, పంపిండ్రు. చిందోళ్లు ఎల్లమ్మ వేషం కడితే ఊరంతా కాళ్లు కడుగుతది, హారతి పడుతది. వేషం విప్పినంక అదే మనిషి వాకిట్ల బయటే కూర్చోవాలె. ఇచ్చేది కేంద్రమా రాష్ట్రమా అన్నది మాకు పెద్ద విషయం కాదు. వేషం విప్పిన మనిషిని పేరు పెట్టి పిలిచే పని ఎవరో ఒకరు చేయాలని మా పట్టుదల.

అందుకే పోయినసారి మాలో ముగ్గురం ఫారం పట్టుకొని మా దిక్కే ఒక మేళంలోని పెద్దమ్మ దగ్గరికి పోయినం. డెబ్బై దాటినయి. పేరు ఇక్కడ రాయం, ఆమె వద్దన్నది. "నాకెందుకు బిడ్డా, మీ పెదనాయిన పేరు రాయిండ్రి" అన్నది ముందు. ఆయన పోయి ఎనిమిదేండ్లు. కాదమ్మా నీదే అని కూర్చున్నం. ఎన్ని ఆటలు ఆడినవని అడిగినం. అంకె చెప్పలేదు. ఊర్లు చెప్పడం మొదలుపెట్టింది. అయిజ, గట్టు, ధరూరు, మల్దకల్. అల్లీరాణి కట్టింది ఎక్కడ, వాన పడి ఆట ఆగింది ఎక్కడ, పెద్ద బిడ్డ కడుపుల ఉండంగ ఆడింది ఎక్కడ. పెబ్బేరు, కొత్తకోట, గోపాలపేట. మాలో ఒకరం రాసుకుంటున్నం. తెలకపల్లి కాడికి వచ్చేసరికి కరెంటు పోయింది. ఆమె ఆపలేదు, మేం ఫోను వెలుతురు పెట్టుకొని రాసినం.