మందం తీసిన గీత

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్రలు, దేవాలయాల చరిత్రలు వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఒక గీత చరిత్ర వ్రాస్తానని మనవి చేసుకున్నాను. దానికి కారకుడు మా మనుమడు.

అతడు ప్లాస్టిక్ వస్తువుల అచ్చుల కోసం కంప్యూటరు మీద నమూనాలు గీసే ఉద్యోగంలో చేరి అప్పటికి ఆరు నెలలు. సంక్రాంతికి ఇంటికి వచ్చాడేగాని పిల్లవాడికి ముద్ద దిగడం లేదు. ఏమిటని అడిగితే, "తాతయ్యా, మిక్సీ మూత బయటి రూపం గీశాను. లోపలి రూపం రావడం లేదు. సోమవారానికి ఇవ్వకపోతే ప్రొబేషన్ పొడిగిస్తామన్నారు" అన్నాడు. బయటి ఉపరితలాన్ని అన్నిచోట్లా సమానంగా మూడు మిల్లీమీటర్లు లోపలికి జరిపి రెండో ఉపరితలం తీసుకోవాలి. దాన్ని ఆఫ్‌సెట్ అంటారట. యంత్రం కుదరదంటుంది, ఎందుకో చెప్పదు. కారణం వ్రాయకుండా బిల్లు వెనక్కి పంపేవారిని మనమూ చూశాం గదా!

మందం అంతటా సమానంగా ఎందుకుండాలని అడిగాను. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అచ్చులోకి పంపుతారు. ఒకచోట దళసరిగా ఉంటే అక్కడ ఆలస్యంగా చల్లారి, కుంచించుకుపోయి, పైన గుంట పడుతుంది. ఒక్కొక్కసారి వస్తువే వంకర తిరుగుతుంది.

ఈ మాటలు వింటుంటే నాకు ఘాట్ రోడ్డు డ్రాయింగులు గుర్తుకు వచ్చాయి. 2008లో పదవీ విరమణ చేసేవరకు నేను రోడ్లు భవనాల శాఖలో గుమాస్తాను. గీసే పని నాది కాదు, అమ్మోనియా ప్రింట్లు ఫైలులో కుట్టడం నాది. ఒకనాడు డ్రాఫ్ట్స్‌మన్‌గారు మధ్యగీతకు ఇరువైపులా రోడ్డు అంచులు గీస్తూ నన్ను పిలిచి చూపించారు. మలుపు వ్యాసార్ధం కంటే రోడ్డు సగం వెడల్పు ఎక్కువైతే లోపలి అంచు తనమీద తానే మెలిపడుతుంది. ముగ్గు తప్పినట్లు ఒక చిక్కుముడి ఏర్పడుతుంది.

"నాన్నా, మూత మూలలో వంపు వ్యాసార్ధం ఎంత?" అన్నాను.

"రెండు మిల్లీమీటర్లు."

"లోపలికి జరిపేది?"

"మూడు..." అని ఆగిపోయాడు.

ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. పూర్వం యూరప్‌లో ఓడలు కట్టేవారు పెద్ద హాలు నేలమీద ఓడ రూపాన్ని అసలు కొలతలో గీసేవారు. సన్నని చెక్క బద్దలను వంచి, కదలకుండా సీసపు బరువులు పెట్టి, వాటి వెంట గీతలు తీసేవారు. ఆ బద్ద పేరు స్ప్లైన్. అదే మాట నేడు కంప్యూటరులోనూ వాడుతున్నారు. బయటి రూపం గీసిన తరువాత పలకల మందం తీసివేస్తేగాని లోపలి వాసాల కొలత రాదు. మా మనుమడు చేస్తున్నదీ అదే! కాకపోతే వారికి చిక్కు వచ్చినచోట కంటితో చూసి చేత్తో సరిచేసుకునే వీలుంది. సమాంతర వక్రరేఖలను గూర్చి లైబ్నిజ్ పండితుడు 1692లోనే వ్రాశాడు.

తరువాత కార్ల కాలం. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లో వక్రరేఖలను లెక్కలతో తీసే పద్ధతి కనిపెట్టాడు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచింది. 1960లలో రెనో కంపెనీ ఇంజనీరు పియరీ బెజియే వేరే దారిన అదే చోటికి చేరి, తన పని ప్రకటించాడు. ఆ గీతలు నేటికీ బెజియే పేరుతోనే చెలామణి అవుతున్నాయి. కాన్ఫిడెన్షియల్ ఫైలు బీరువాలో పెడితే ఏమవుతుందో మనకు చెప్పనక్కరలేదు. ద కాస్టెల్జో 2022 వరకు జీవించి ఉన్నాడు, ఆయన పని సంగతి లోకానికి తెలిసింది, అంతవరకు సంతోషం.

ఆ గీతలకూ ఒక లోపముంది. గీతకు లంబంగా సరిగ్గా ఇంత దూరమని కొలవాలంటే లెక్కలో వర్గమూలం వచ్చిపడుతుంది. అందుచేత పక్కకు జరిపితే వచ్చేది సాధారణంగా అదే జాతి గీత కాదు. యంత్రం దానికి దగ్గరగా ఉండే మరో గీతతో సరిపెట్టుకుంటుంది. ఈ ఇబ్బంది లేని ప్రత్యేక రేఖలను ఫరూకి, సకాలిస్ అనే ఇద్దరు 1990లో ప్రకటించారు. అంతకుమించి ఆ గణితం నా బుర్రకు ఎక్కలేదు.

ఆ రాత్రి మనుమడు ముందుగా గుండ్రం చేసిన మూలలన్నీ తీసివేశాడు. పెద్ద ఉపరితలాలను మాత్రమే లోపలికి జరిపి, అవి కలిసేచోట కత్తిరించి, ఆపైన మూలలు గుండ్రం చేశాడు. లోపల వ్యాసార్ధం ఒకటి, బయట దానికి మందం మూడు కలిపి నాలుగు. పిడి దగ్గర గోరంత ముక్క ఒకటి మొండికేసింది. దాన్ని చెరిపి విడిగా గీసుకున్నాడు. రెండు గంటలు దాటాక వంటింట్లో గిన్నెల చప్పుడైంది, వెళ్లి చూస్తే మిగిలిన పులిహోర తింటున్నాడు.

మంగళవారం ఫోన్ చేశాడు. మూత ఒప్పుకున్నారట. "మూల నాలుగు మిల్లీమీటర్లయితే అందం తగ్గిందని మాత్రం అన్నారు తాతయ్యా" అన్నాడు. మందం రెండున్నరకు తగ్గించవచ్చేమో అడగమన్నాను.