తైలవర్ణములతోఁ బర్వతచిత్రణము: లక్ష్యలక్షణవిచారము

తైలవర్ణములతోఁ బర్వతములను జిత్రించు విద్యను యూరపుఖండపు చిత్రకారులు నేర్చిన చరిత్రమును బరిశీలించినచో, లక్ష్యమునకును లక్షణమునకును గల సంబంధమే యందును ముఖ్యవిషయమై యున్నట్లు తేలుచున్నది. ప్రయోగమును జూచి సూత్రమును సవరించుకొనుట వ్యాకరణజ్ఞులకుఁ గొత్తగాదు. చిత్రవిద్యలో నిట్టి సవరణమునకుఁ జాలకాలము పట్టినది.

క్రీ. శ. 1400 ప్రాంతమున నిటలీదేశీయుఁడగు చెన్నినో చెన్నిని శిష్యులకొఱకు నొక శిల్పగ్రంథమును రచించెను. పర్వతమును వ్రాయఁగోరువాఁడు గరుకుగానున్న పెద్దఱాళ్లను దెచ్చి, వానిపై వెలుఁగునీడలు పడు తీరును జూచి వ్రాయవలెనని యందుఁ జెప్పెను. దూరపుఁగొండలకు ముదురురంగును, దగ్గఱకొండలకు లేఁతరంగును వేయవలెనని మఱియొక విధి. శిల్పశాలలోఁ బనిచేయువానికి మొదటివిధి యుపకరించును. రెండవది పగటివేళఁ గొండలవంకఁ జూచినవానికిఁ బ్రత్యక్షవిరుద్ధము. దవ్వులనున్న కొండ పలుచనై నీలిచాయ దాల్చును.

ఈ నీలిమను జూపుటకుఁ దైలవర్ణము మిక్కిలి యనువైనది. అవిసెనూనెతో నూఱిన రంగు మెల్లఁగా నాఱును గాన, నొకచాయను వేఱొకచాయలోఁ గలుపుటకు వ్యవధి చిక్కును. యాన్ వాన్ ఐక్ 1435 ప్రాంతమున రచించిన రోలాన్ మంత్రి చిత్రపటములో, నదికావల దిగంతమున మంచుకొండలు నీలముగాఁ గానవచ్చును. చేయి శాస్త్రమును మీఱినది. దీనికిఁ గారణమును జెప్పినవాఁడు లియొనార్డో డా విన్చి (1452–1519). కంటికిని గొండకును నడుమనున్న గాలి యెంత దట్టమైన నంత నీలిమ యని యాతఁడు వ్రాసికొనెను. ఆతని చిత్రలేఖనగ్రంథము మాత్రము 1651 వఱకు నచ్చుపడలేదు.

శిష్యుని శిల్పశాలనుండి కొండయెదుటికిఁ బంపుటను క్రమబద్ధమైన బోధనగాఁ జేసినవారిలోఁ బియేర్ ఆన్రీ ద వాలాన్సియెన్ (1750–1819) ప్రముఖుఁడు. ఈతఁడు వెర్నే యను చిత్రకారునియొద్ద దృష్టిశాస్త్రరహస్యములను గ్రహించి, రోమునగరప్రాంతములఁ గాగితముపైఁ దైలవర్ణములతో నారుబయటనే యభ్యాసచిత్రములను వ్రాసెను. 1800 ప్రాంతమున వెలువడిన తన గ్రంథమున నభ్యాసమునకుఁ గాలనియమము విధించెను: ప్రకృతి నెదుటనుంచుకొని వ్రాయు పని రెండుగంటలకు మించరాదు, సూర్యోదయాస్తమయములైనచో నరగంట చాలును. వెలుఁగు మాఱినపిదపఁ జేయి యాపనివాఁడు చూడనిదానిని వ్రాయునని దీని తాత్పర్యము. ఒకేచోటును వేర్వేఱువేళల వ్రాయవలెననియు నాతఁడు బోధించెను. ఇట్టి యభ్యాసచిత్రములను దాను లోకమునకుఁ బ్రదర్శింపలేదు. వానిలోఁ బెక్కులు 1930లో లూవ్ర్ ప్రదర్శనశాలకుఁ జేరినవి.

ఆతని శిష్యుఁడు మిషలాన్ 1817లోఁ జారిత్రక ప్రకృతిచిత్రమునకై క్రొత్తగా నేర్పడిన రోముబహుమానమును మొదట నందెను. మిషలానునొద్ద 1822లోఁ గోరో నేర్చెను. కోరోవలన నుపదేశము గొని పిస్సారో తన్నాతని శిష్యునిగాఁ బ్రకటించుకొనెను. ఇంతలో 1841లో జాన్ రాండ్ అను నమెరికాచిత్రకారుఁడు నొక్కిన రంగు వెలువడు లోహపుగొట్టమునకు హక్కుపత్రము పొందెను. అంతకుముందు నూఱినరంగును బందిమూత్రాశయపుసంచులలోఁ గట్టి యుంచెడివారు. అవి చినుఁగును, రంగు లోన నెండును. గొట్టము వచ్చినపిదపఁ గొండయెదుట నిలిచి తైలవర్ణములు వాడుట సులభమయ్యెను.

1872 మొదలు పిస్సారోచెంతఁ బనిచేసిన పాల్ సెజాన్, స్వస్థలమగు ఏక్స్ చేరువనున్న సేంత్ విక్తువార్ అను సున్నపుఱాతికొండను 1906లో మరణించువఱకుఁ బలుమాఱులు చిత్రించెను. ఒక్కకొండనే యన్నియేండ్లు చూచి, పూర్వులు వ్రాయనివిధమున వ్రాసినవాఁడయ్యును, జరమదశయందుఁ బ్రదర్శనపట్టికలోఁ దన్నుఁ బిస్సారోశిష్యుఁడనియే పేర్కొనెను.

కావునఁ బ్రత్యక్షము గురూపదేశమును ద్రోసిపుచ్చినదనుట సరిగాదు. చెన్నిని విధి తప్పైనది గురువు చెప్పుటచేతఁ గాదు, దానిని గొండతో సరిచూడకపోవుటచేత. వాలాన్సియెన్ మొదలగువారు శిష్యుల కొసఁగినదియు లక్షణమే. లక్ష్యమును జూచి తీరవలెనని శాసించు లక్షణము.