దీనారము

అమరకోశము పఠించినవారు దీనారశబ్దమును ఎరుగుదురు. నిష్కమునకు అదియొక అర్థముగా అందు చెప్పబడినది. సంస్కృతమున ఇంత చనవుగా నిలిచిన యీ మాటకు పుట్టినిల్లు రోమునగరము. అచ్చటి వెండినాణెమునకు దెనారియస్సని పేరు.

ఆ వెండి మనదేశమునకు వచ్చుటకు మన మగ్గము నొక కారణమే. తెనాలి, రేపల్లె, బాపట్ల సీమలతో కూడిన యీ కృష్ణాతీరమును రెండవ శతాబ్దపు భూగోళవేత్త టాలెమీ మైసోలియా యనెను. అంతకుముందే పెరిప్లస్ అను గ్రీకు నావికగ్రంథము దీనిని మసాలియాగా పేర్కొని, ఇచ్చట సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయుదురని తెలిపినది. ఏటేట 5 కోట్ల సెస్టర్సులు హిందూదేశమునకు పోవుచున్నవని రోములో ప్లినీ వాపోయెను. 4 సెస్టర్సులొక దీనారము; అనగా 1 కోటి 25 లక్షల దీనారముల విలువ.

నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో నొకచోటనే 1,500కు పైగా దీనారములు దొరకినవి. వానిలో నెక్కువభాగము ఆగస్టసు, టైబీరియసు చక్రవర్తులవి. తరువాతివారి వెండి యేల అరుదైనది? ఆగస్టసునాడు రోమను పౌనువెండికి 84 నాణెములు కొట్టెడివారు. క్రీ.శ. 64లో నీరో 96 కొట్టించి, రాగిపాలును పెంచెను. మన వర్తకులకు కావలసినది చక్రవర్తి ముఖము గాదు, తూకమును వన్నెయును. కావున వారు పాతనాణెములనే కోరిరని పండితుల తలంపు. 1889లో వినుకొండలో దొరకిన నిధిలో కారకల్లా వరకు తరువాతి చక్రవర్తుల నాణెములున్నవి. కాని యవి బంగారువి.

ఇంత సంగతి మనకు తెలిసినది, ఆ నాణెములు కంసాలి మూసలోనికి పోకుండుటచేతనే. రేపల్లె చేరువనున్న భట్టిప్రోలు స్తూపమునకు ఆ భాగ్యము పూర్తిగా లేకపోయినది. 19వ శతాబ్దమున దాని యిటుకలు బాటకును, పాలరాళ్లు కాలువతూమునకును పోయినవి. మిగిలినదానిలోనుండియే 1892లో అలెగ్జాండర్ రే ధాతుకరండములను వెలికిదీసెను. వాని శాసనములు దక్షిణాపథమునందలి ప్రాచీనతమలిపులలో చేరినవి. అవియును బాటక్రింద పడియుండిన మన మేమి యెరుగుదుము?

మేము గృహస్థులకు విన్నవించున దొక్కటే. పునాది త్రవ్వునపుడు ప్రాతనాణెముల కుండ బయటపడినచో దానిని కరగింపకుడు. 10 రూపాయలకు మించిన నిధిని కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. కుండపెంకులను గూడ పారవేయకుడు. ఏ లోతున, వేనితో కలిసి దొరకినదో యనునదే నాణెమునకు నోరు. కరగించిన వెండి మెట్టెలగును, గజ్జెలగును. ఎవరు నేసిన బట్టకు వెలగా అది యీ తీరమునకు వచ్చినదో ఇక చెప్పనేరదు.