చేతిరాత బోర్డింగ్ పాస్ గుర్తుందా? అప్‌డేట్‌కు ముందు టెస్ట్ అందుకే!

2024 జులై 19న శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సిస్టమ్స్ మొరాయించాయి. ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాస్‌లు చేత్తోనే రాసిచ్చారు. ఆ రోజు ప్రపంచాన్ని కుదిపేసింది హ్యాకర్లు కాదు.. క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్.

మన టైమ్ ప్రకారం ఉదయం 9.39కి రిలీజైంది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. అప్పటికే 85 లక్షల విండోస్ కంప్యూటర్లపై ప్రభావం పడిందని మైక్రోసాఫ్ట్ అంచనా.

కొత్త వెర్షన్‌ను ఆలస్యంగా తీసుకునే సెట్టింగ్ ఉన్న కంపెనీలకూ దెబ్బ తప్పలేదు. ఎందుకంటే వచ్చింది కొత్త వెర్షన్ కాదు, ముప్పును గుర్తుపట్టే కంటెంట్ ఫైల్!

ఆఫీసుల్లో ఏం చేయాలంటే..

* ఇంజిన్, కంటెంట్ అప్‌డేట్లు రెండింటికీ విడివిడిగా సెట్టింగ్ ఉందో లేదో చూడండి.
* ముందు కొన్ని పీసీల్లోనే వేసి, రీస్టార్ట్ చేసి చూడండి.
* కౌంటర్ సిస్టమ్స్, సర్వర్లకు చివర్లో వేయండి.
* రోజుల తరబడి ఆపొద్దు, కొత్త వైరస్‌లు ఆగవు.
* బిట్‌లాకర్ రికవరీ కీలు వేరే చోట భద్రపరచండి.