సాక్ష్యానికి అందని నిరీక్షణ

ఓపిక మీద మన సంఘాల్లో చేసే ప్రసంగాలకు అలవాటైన నడక ఒకటుంది. అబ్రాహాము 75వ ఏట పిలుపు విన్నాడు, నూరో ఏట ఇస్సాకును ఎత్తుకున్నాడు. యోసేపు 17వ ఏట కలలు కన్నాడు, 30వ ఏట ఫరో ఎదుట నిలిచాడు. దేవుని సమయం కోసం కనిపెట్టారు, పొందారు. హోసూరు, కృష్ణగిరి సీమలో నిలబడి క్రైస్తవ చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే కథ ఇంత తిన్నగా నడవదు. ఒకరు విత్తారు, ఇంకొకరు కోశారు. కొందరికైతే కోత కంటపడనే లేదు.

17వ శతాబ్దంలో ఈ సీమకు రెండు వైపులా జెసూట్లు తిరిగారు. మదురై నుంచి రాబర్ట్ డి నొబిలి 1620లలో సేలం దాకా వచ్చాడు. లియొనార్దో చిన్నామి 1648లో శ్రీరంగపట్నం చేరి మైసూరు మిషన్‌కు పునాది వేశాడు. తర్వాత యుద్ధాలు ముంచుకొచ్చాయి. 1792లో కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమ టిప్పు సుల్తాను చేతినుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి మారింది. 1799లో శ్రీరంగపట్నం పడింది. చెదిరిపోయిన మైసూరు క్రైస్తవులను మళ్ళీ కూడగట్టే పని ఫ్రెంచి గురువు అబ్బే దుబాయ్ మీద పడింది.

దుబాయ్ సోమరి కాడు. ఇక్కడి వేషం కట్టాడు, ఇక్కడి తిండి తిన్నాడు, మశూచి టీకాలు వేయించాడు. ముప్పయ్యేళ్ళు ఈ దేశంలో గడిపాడు. అయినా 1823లో అచ్చయిన ఉత్తరాల్లో, హిందువులు క్రీస్తును నిజంగా స్వీకరించే కాలం ఇక రాదని తేల్చేశాడు. మరుసటి ఏడే జేమ్స్ హఫ్ అనే ప్రొటెస్టెంటు చాప్లిన్ దానికి జవాబు రాశాడు. దుబాయ్ కళ్ళతో చూసింది అబద్ధమనలేం. తన కంటికి ఆనినంత మేరే దేవుని గడువు అనుకోవడం దగ్గర ఆయన తప్పాడు.

ఆ తీర్పుకు అసలు పరీక్ష తెలుగునాట జరిగింది. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1836లో వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా చేతికందినవారు కొద్దిమందే. 1853లో ఆల్బనీలో కూడిన మిషన్ పెద్దలు నెల్లూరును మూసేయాలా అని చర్చించారు. పటంమీద ఒంటరి చుక్కలా ఉన్న ఆ కేంద్రాన్ని ‘లోన్ స్టార్’ అన్నారు. అది మూతపడలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జువెట్, ఆయన భార్య, నెల్లూరు విశ్వాసి జూలియా, మరి ఇద్దరు ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. వారు అడిగిన సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు.

ఓపికకు గట్టి పరీక్ష ఆ తర్వాత వచ్చింది. 1876-78 ధాతు కరువు కోస్తానూ బారామహల్‌నూ కలిపి కాల్చింది. హోసూరు, కృష్ణగిరి అప్పుడు సేలం జిల్లాలోవి. 1871లో 19 లక్షల 66 వేలకు పైగా ఉన్న ఆ జిల్లా జనాభా 1881 లెక్కకు 16 లక్షలకు పడిపోయింది. ఒంగోలులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి చూపించాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. కరువు తీరేదాకా ఇవ్వనన్నాడు. గంజి కోసం వచ్చారన్న మాట వారి మీద పడకూడదని పదిహేను నెలలు ఆగాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆయన అన్నాన్ని ఆపలేదు, బాప్తిస్మాన్ని ఆపాడు. దేన్ని వాయిదా వేయొచ్చో, దేన్ని వేయకూడదో తెలియడమే ఓపిక. కడుపు మాడుతున్నవాడికి “దేవుని సమయం కోసం ఆగు” అని చెప్పడం భక్తి అనిపించుకోదు.

కృష్ణగిరిలో ఇలాంటి ముగింపు రాలేదు. లేఖనాల విషయంలో లైప్‌జిగ్ మిషన్‌తో పొసగక బయటికి వచ్చిన థియొడర్ నేథర్, మిస్సోరి లూథరన్ల తరఫున 1895లో కృష్ణగిరిలో పని మొదలుపెట్టాడు. మరుసటేడు ఆయన సహచరుడు ఫ్రాంజ్ మోన్ ఆంబూరులో దిగాడు. నేటి ఇండియా ఎవాంజెలికల్ లూథరన్ చర్చికి మొదటి మెట్టు అదే. బడులు నడిపారు, ఊళ్ళు తిరిగారు, ఫలం మాత్రం కొద్దిగానే కనిపించింది. 1904లో నేథర్ ప్లేగుతో చనిపోయాడు. మూడేళ్ళకు, 1907లో, అదే మిషన్ పని ఎక్కడో దక్షిణాన నాగర్‌కోయిల్‌లో మొదలై అక్కడ వేళ్ళూనింది. విత్తినచోటే మొలవాలన్న నియమం దేవుని లెక్కలో లేదేమో!

యాకోబు తన పత్రికలో ఓపికకు రైతును సాక్షిగా నిలబెట్టాడు. వానమీదే రాగి పండించే హోసూరు రైతుకు ఆ మాట వివరించనక్కర్లేదు. తొలకరికి ముందే దున్నుతాడు. వాన తన చేతిలో లేదు, దుక్కి తన చేతిలో ఉంది. నేథర్ చేసింది అదే. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం కూడా వాగ్దానఫలం అనుభవించకుండానే విశ్వాసంలో కన్నుమూసినవారిని వీరుల వరసలోనే కూర్చోబెట్టింది.

ఆ తర్వాతి కథ మనకు తెలిసిందే. 1997లో ధర్మపురి కతోలిక మేత్రాసనం ఏర్పడింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. సిప్‌కాట్ ఫ్యాక్టరీలు వచ్చాక హోసూరు ఊరి రూపే మారింది. తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే ఈ సీమ విశ్వాసులు ఇప్పుడు పర్మనెంట్ ఉద్యోగం కోసం, పిల్ల పెళ్ళి కోసం, కడుపుపంట కోసం కనిపెడుతున్నారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు అందుకుంటారు. ఏడాది తిరిగేసరికి నెరవేరితే మైకు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతారు. నెరవేరనివారు వెనక వరసలో ఉండిపోతారు, తమ విశ్వాసంలోనే లోటుందేమోనని కుములుతారు.

ఈ కొలతతో చూస్తే 1853 నాటి నెల్లూరుకు సాక్ష్యం లేదు, కృష్ణగిరి నేథర్‌కు అసలే లేదు. కానీ వారిని తీసేస్తే మన సంఘాల చరిత్రకు మొదటి పుటలే ఉండవు. జవాబు రాకపోయినా పని మానని వారిని కూడా పిలిచి మైకు ఇవ్వాలి. దేవుని సమయాన్ని నమ్ముతున్నామన్న మాట నిజమైతే, నెరవేరిన ప్రార్థనకు ఇచ్చే గౌరవం నిలిచి ఉన్న ప్రార్థనకూ ఇవ్వడం సంఘం బాధ్యత.